తెలుగు అర్థం దగ్గరే ఆగిపోకుండా ఇంగ్లీషు పదాలు నేర్చుకోవడం ఎలా

మిటిగేట్ అంటే తగ్గించు. అలీవియేట్ అంటే తగ్గించు. అలే, అస్వేజ్, కర్టెయిల్... ఏది చూసినా ఎదురుగా అదే మాట. కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే జిరాక్స్ జాబితాలు ఇంగ్లీషు పదానికి ఒక్క తెలుగు మాట చొప్పున ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. వాటిని బట్టీపట్టి వెళ్లిన మనిషికి పరీక్షలో ఆరు ఆప్షన్లుంటే అందులో మూడు "తగ్గించు"లే కనిపిస్తాయి. ఏది పెట్టాలో పాలుపోదు. ఆఫీసు మెయిల్లో వాడితే ఇంకో తంటా. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, కానీ చదివేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది.

ఇంగ్లీషు పేపరు చదివితే విషయం బోధపడే స్థాయి దాటి, పదాల మీద పట్టు కావాలనుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి. జీఆర్‌ఈ, క్యాట్, ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకీ, ఉద్యోగంలో ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేవాళ్లకీ పనికొస్తుంది. రోజుకి 45 నిమిషాలు చాలు. అయితే ఆరు నెలలు వదలకుండా చేయాలి.

ముందు ఏ పదాలు?

భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, ఇంగ్లీషు పత్రికలు, నవలలు ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలి. కుటుంబం అంటే డిసైడ్, డిసిషన్, డిసైసివ్ లాంటివన్నీ కలిపి ఒక్కటి. ఆ అంకె చూసి బెదరక్కర్లేదు. పేపరు చదవగలిగే వాళ్లకి అందులో సగానికి సగం ముందే వచ్చి ఉంటాయి.

అరుదైన పదాల మీద పడేముందు మధ్యస్థాయిని గట్టి చేసుకోండి. ఆవ్‌రిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 కుటుంబాలున్నాయి. చదువుకి సంబంధించిన ఏ ఇంగ్లీషు రచన తీసుకున్నా ప్రతి పది పదాల్లో దాదాపు ఒకటి ఇందులోదే. ఇన్‌హెరెంట్, ఆర్బిట్రరీ, కన్‌స్ట్రెయిన్, ఇంప్లిసిట్, నాట్‌విత్‌స్టాండింగ్ లాంటివి. చాలామంది "ఇవి తెలిసినవేగా" అని దాటేస్తారు. ఇంప్లిసిట్‌కీ ఎక్స్‌ప్లిసిట్‌కీ తేడా చెబుతూ చెరో వాక్యం రాయమంటే తెలుస్తుంది సంగతి.

ఆ తర్వాతే జీఆర్‌ఈ తరహా పదాలు. ఇక్కడొక జాగ్రత్త. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ నుంచి యాంటొనిమ్స్, ఎనాలజీస్ తీసేశారు. ఇప్పుడు పదాన్ని విడిగా అడగరు, వాక్యంలో పెట్టి అడుగుతారు. అయినా ఆ పాత పరీక్ష కోసం తయారైన మూడు, మూడున్నర వేల పదాల జాబితాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. వాటిలో ఏ పత్రికలోనూ కనపడని పదాలు బోలెడు. ఇప్పటి పరీక్షకి వెయ్యి, పన్నెండు వందల పదాలు లోతుగా వస్తే మూడు వేలు పైపైన వచ్చినదానికన్నా చాలా మేలు.

జాబితా ఏదైనా సరే, అకారాది క్రమంలో మాత్రం చదవకండి. అబేట్, అబెట్, అబ్‌హోర్, అబ్‌జ్యూర్, అబ్రొగేట్, అబ్‌స్కాండ్ ఒకే రోజు నేర్చుకుంటే వారం తిరిగేసరికి ఏది ఏదో తెలియదు. రూపం దగ్గరగా ఉన్నవి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. జాబితాను కలిపేసి, ఎక్కడెక్కడివో ఏరుకోండి.

ఒక్క "తగ్గించు"ని విప్పి చూస్తే

పదం అర్థం తేల్చడానికి అన్నిటికన్నా పదునైన ప్రశ్న ఒకటుంది: దేన్ని? తగ్గించేది దేన్ని?

భయాన్నీ అనుమానాన్నీ తగ్గించేది అలే. అలే ఫియర్స్, అలే సస్పిషన్స్ అంటారు. ఎక్కువగా మనసులోని కలవరమే దానికి కర్మ, ఒంటి నొప్పి అరుదు. నొప్పి, బాధ, పేదరికం తగ్గించేది అలీవియేట్. జబ్బు నయం కాలేదు, భారం తేలికైంది అంతే. మాత్ర వేసుకుంటే తలనొప్పి తగ్గడం ఇదే. అపరాధ భావం, కోపం, ఆకలి లాంటివాటిని చల్లార్చేది అస్వేజ్. నష్టం, ప్రమాదం, దుష్ప్రభావం తీవ్రతను తగ్గించేది మిటిగేట్. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు తుపాను దెబ్బను మిటిగేట్ చేస్తాయి. తుపానును ఆపలేవు, వచ్చినప్పుడు జరిగే నష్టాన్ని తగ్గిస్తాయి. కోర్టు భాషలో మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అన్నదీ ఇదే: నేరం నేరమే, శిక్ష తీవ్రత తగ్గడానికి వీలిచ్చే పరిస్థితులు. ఇక అదే తుపాను తనంతట తాను శాంతిస్తే అబేట్ అయిందంటారు. గాలి, వరద, జ్వరం, గొడవ అబేట్ అవుతాయి. ఖర్చు, హక్కులు, పర్యటన మధ్యలో కత్తిరించేది కర్టెయిల్. హక్కుల్ని మిటిగేట్ చేయరు, నొప్పిని కర్టెయిల్ చేయరు.

చూశారుగా, ఆరింటికీ "తగ్గించు" అన్న మాట తప్పు కాదు. కానీ అది వీధి వరకే తీసుకెళ్తుంది, ఇంటి నంబరు చెప్పదు. ఆ నంబరు చెప్పేది పక్కన వచ్చే నామవాచకం. అందుకే కార్డు మీద పదం ఒక్కటే రాసుకోకుండా, దాని వెంట ఎక్కువగా నడిచే రెండు మాటలు కలిపి రాసుకోవాలి.

రెండో ప్రశ్న: మెచ్చుకోలా, తిట్టా? ఇది తెలుగువాళ్లకి వెంటనే తెలిసే సంగతే. పొదుపరి అంటే మురిసిపోయేవాడు పిసినారి అంటే కొట్టడానికొస్తాడు. ఇంగ్లీషులో థ్రిఫ్టీ, ఫ్రూగల్ పొదుపరి వైపు. స్టింజీ, మైజర్లీ పిసినారి వైపు. ఫ్రూగల్ డబ్బు దగ్గరే ఆగదు, సాదాసీదా బతుకుకీ భోజనానికీ వర్తిస్తుంది: ఫ్రూగల్ మీల్ అంటే ఆడంబరం లేని భోజనం. పార్సిమోనియస్ మామూలుగా పిసినారితనమే, కానీ శాస్త్రవ్యాసాల్లో పార్సిమోనియస్ ఎక్స్‌ప్లనేషన్ అంటే ప్రశంస: తక్కువ ఊహలతో పని కానిచ్చే వివరణ. పరీక్ష పెట్టేవాళ్లకి ఇలాంటి మలుపులంటే మహా ఇష్టం.

మాటలు తక్కువగా ఉండటం గురించి ఇంగ్లీషులో పెద్ద బలగమే ఉంది. టాసిటర్న్ మనిషి స్వభావరీత్యా మితభాషి. రెటిసెంట్ మాట్లాడగలడు, తన సంగతులు మాత్రం బయటపెట్టడు. కర్ట్ అంటే ముక్తసరిగా, మొహం మీద కొట్టినట్టు చెప్పడం. సక్సింక్ట్ పొగడ్త: అక్కర్లేని ముక్క ఒక్కటీ లేదు. లాకోనిక్‌కి ఒక ప్రాంతం పేరే ఆధారం. లకోనియా అంటే గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం. "నేను మీ దేశం మీదికొస్తే నాశనం చేస్తాను" అని మాసిడోనియా రాజు ఫిలిప్ కబురంపితే, స్పార్టావాళ్లు "వస్తే" అని ఒక్క మాట తిరిగి పంపారని కథ. ఆ కథ తెలిసినవాళ్లు లాకోనిక్‌లో కాస్త గడుసుదనం కూడా ఉంటుందని మర్చిపోరు.

మూడోది, పదం వెనకాల వచ్చే ప్రిపొజిషన్. అవర్స్ టు, కంప్లై విత్, డిప్రైవ్ ఆఫ్. దీన్ని పదంలో భాగంగానే నేర్చుకోవాలి, తర్వాత చూద్దామంటే కుదరదు. డిస్కస్ అబౌట్, కంప్రైజ్ ఆఫ్, కోప్ అప్ విత్: మన దగ్గర రోజూ వినపడే ఈ మూడూ తప్పులే. డిస్కస్, కంప్రైజ్‌ల తర్వాత ఏమీ రాదు. కోప్ తర్వాత విత్ ఒక్కటే. మిటిగేట్ అగైనెస్ట్ అని రాసేవాళ్లు నిజానికి మిలిటేట్ అగైనెస్ట్ అనబోయారు. దాని అర్థం వేరు: ప్రతికూలంగా పనిచేయడం.

తెలిసిన మాటలే మోసం చేస్తాయి

కొత్త పదం ఎదురైతే డిక్షనరీ తీస్తాం. తెలిసిందనుకున్న పదం ఎదురైతే తీయం. అందుకే పెద్ద పొరపాట్లు చిన్న పదాల దగ్గరే జరుగుతాయి.

మొదటి గుంపు తెలుగులో కలిసిపోయి, దారి మార్చుకున్న ఇంగ్లీషు మాటలు. ఫ్యాక్షన్ అనగానే మనకి బాంబులు, సుమోలు గుర్తొస్తాయి. ఇంగ్లీషులో అది పార్టీలోనో సంస్థలోనో చీలిన వర్గం మాత్రమే, రక్తపాతం అక్కర్లేదు. "ఆ చొక్కా నాకు సెంటిమెంట్" అన్న వాడుక ఇంగ్లీషులో లేదు. అక్కడ సెంటిమెంట్ అంటే భావన, అభిప్రాయం, మార్కెట్ వార్తల్లో అయితే మదుపరుల మూడ్. సెటైర్ అంటే మనకి ఒక చురక. వాళ్లకి అదొక రచనా ప్రక్రియ, చురకని జైబ్ అనో సార్కాస్టిక్ రిమార్క్ అనో అంటారు. ఫీలయ్యాడు అంటే నొచ్చుకున్నాడని మనకి తెలుసు, ఒట్టి ఫీల్‌లో వాళ్లకి ఆ అర్థం రాదు, హర్ట్ కావాలి. క్లాసులో "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మన మాస్టారు సందేహం తీరుస్తారు. అమెరికాలో అదే మాటంటే చెప్పింది నమ్మడం లేదేమోనని ప్రొఫెసర్ అనుకోవచ్చు. అక్కడ క్వశ్చన్ అనాలి.

రెండో గుంపు, ఒక అర్థం దగ్గరే ఆగిపోయిన చిన్న పదాలు. క్వాలిఫై అంటే అర్హత పొందడం అని తెలుసు. ఒక వాదనను క్వాలిఫై చేయడమంటే దానికి షరతులు తగిలించి పరిమితం చేయడం, అందుకే అన్‌క్వాలిఫైడ్ సపోర్ట్ అంటే బేషరతు మద్దతు. చెక్ అంటే అదుపు చేయడం కూడా. ఫ్లాగ్ క్రియగా వస్తే నీరసించడం కావచ్చు: ఫ్లాగింగ్ ఇంటరెస్ట్. టెంపర్ క్రియైతే తీవ్రత తగ్గించడం. వెదర్ క్రియైతే కష్టాన్ని తట్టుకుని బయటపడటం. నావెల్ విశేషణమైతే కొత్తది, సౌండ్ విశేషణమైతే పటిష్ఠమైనది, పెడెస్ట్రియన్ విశేషణమైతే చప్పటిది. శాంక్షన్ రెండు వైపులా కోసే కత్తి. లోను శాంక్షన్ అయిందంటే మంజూరు, దేశం మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. టేబుల్ ఎ మోషన్ అంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. అప్రోప్రియెట్ అని పలికితే తగినది, చివర సాగదీసి అప్రోప్రియేట్ అని పలికితే సొంతం చేసేసుకోవడం.

వీటికోసం వేరే నోటుపుస్తకం పెట్టుకోండి. చదువుతున్నప్పుడు ప్రతి పదమూ తెలిసినదే అయి ఉండి కూడా వాక్యం అర్థం కాకపోతే, దోషి ఇలాంటి చిన్న పదమే అయి ఉంటుంది.

మూలాలు: మనకున్న అదనపు తాళంచెవి

లాటిన్, గ్రీకు మూలాలు నేర్చుకోమని అందరూ చెప్పేదే. తెలుగువాళ్లకి ఇందులో ఒక దగ్గరిదారి ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చినట్టున్నాయని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చెప్పాడు. మన తత్సమ పదాల్లో ఆ చుట్టరికం ఇంకా కనిపిస్తుంది. నీళ్లు, ఇల్లు, కాడి లాంటి అచ్చతెలుగు మాటల్లో వెతికితే దొరకదు. తెలుగు కుదురు వేరని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే తేల్చాడు.

వాక్కు తీసుకోండి. లాటిన్‌లో వాక్స్, వోకారే దాని చుట్టాలు. వొసిఫరస్ అంటే గొంతు చించుకునే. రివోక్ అంటే ఇచ్చిన మాటను వెనక్కి పిలవడం, అంటే రద్దు. ఈక్వివొకల్ అంటే రెండు వైపులకీ సమానంగా వాక్కు ఇచ్చేది, అంటే ఎటూ తేల్చనిది. జ్ఞానంలోని జ్ఞా ధాతువు కాగ్నిటివ్, ఇన్‌కాగ్నిటో, ప్రాగ్నోసిస్, ఆగ్నాస్టిక్‌లలో ఉంది. జననం ప్రాజెనీలో (సంతానం), కంజెనిటల్‌లో (పుట్టుకతో వచ్చిన) ఉంది. మరణం మారిబండ్‌లో (కొన ఊపిరితో ఉన్న). నవ అన్నది నావిస్, ఇన్నొవేట్, రెనొవేట్‌లలో. యోగంలోని యుజ్ ధాతువుకి లాటిన్ చుట్టం జుగమ్, అంటే కాడి. కాడి కిందికి తేవడమే సబ్‌జుగేట్. పాదం నుంచి ఒక చక్కని జంట: కాలికి బంధం వేస్తే ఇంపీడ్, విడిపిస్తే ఎక్స్‌పిడైట్. అనామకం, ఎనానిమస్ పక్కపక్కన పెట్టి చూస్తే, ముందున్న "లేదు" అనే ముక్క (మనకి "అ", గ్రీకులో "అన్") కూడా ఒకే మూలానిది. అరాచకానికీ ఎనార్కీకీ కట్టుబడి అంతా ఒకే తీరు, ఏలేవాడు లేకపోవడం.

ఇలాంటి ముప్ఫై, నలభై మూలాలు చాలు. అంతకు మించి జాబితాలు పెంచుకోవడం సరదాకి బాగుంటుందిగానీ ఫలితం తక్కువ. పైగా మూలం ఊహకు పనికొస్తుంది, తీర్పుకు పనికిరాదు. సింపతీలో పాథ్ అన్నది గ్రీకు పాథోస్, అనుభూతి. దానికి మన పథంతో సంబంధం లేదు. పెడెస్ట్రియన్‌లో పెడ్ పాదం, పీడియాట్రిక్స్‌లో అది గ్రీకు భాషలో పిల్లవాడు. ఎనర్వేట్ అంటే సత్తువ ఇచ్చేదిలా వినపడుతుంది, నిజానికి సత్తువ పీల్చేసేది. మెరిట్రిషస్‌లో మెరిట్ ఏమీ లేదు, పైపై తళుకు. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంట అంటుకునేదే, అంటుకోనిది కాదు. రెస్టివ్ అంటే విశ్రాంతిగా ఉన్నది కాదు, కుదురుగా ఉండలేనిది. నాయ్‌సమ్‌కి శబ్దంతో పని లేదు, కంపుకొట్టేది. వీటిని ఎర్ర సిరాతో రాసుకోండి.

కార్డు ఎలా రాయాలి

ముందువైపు పదం, వెనకవైపు తెలుగు అర్థం. అందరూ రాసే ఈ కార్డు పదాన్ని గుర్తుపట్టడం వరకే నేర్పుతుంది, అవసరానికి నోటికి రానివ్వదు. ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం రాయండి, పదం ఉండాల్సిన చోట మొదటి అక్షరం ఒక్కటే ఉంచండి. వెనకవైపు పదం, ఉచ్చారణ, తేలిక ఇంగ్లీషులో ఒక లైను అర్థం, వెంట నడిచే రెండు మాటలు, మెచ్చుకోలా తిట్టా తెలిపే ప్లస్ లేదా మైనస్ గుర్తు. తెలుగు అర్థం చివర, ఒకటి కాకుండా రెండు మాటల్లో. రెండు రాస్తే అసలు అర్థం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉందని గుర్తుంటుంది. ఒక కార్డు మీద ఒకే అర్థం. శాంక్షన్‌కి రెండు కార్డులు.

ఇక్కడ పదాలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి కాబట్టి స్పెల్లింగ్ డిక్షనరీలో సరిచూసుకుని ఇంగ్లీషులోనే రాసుకోండి. తెలుగు లిపిలో డిస్క్రీట్ ఒక్కటే కనిపిస్తుంది, ఇంగ్లీషులో అవి రెండు: గుట్టుగా వ్యవహరించేది ఒకటి, విడివిడిగా ఉండేది ఇంకొకటి.

అర్థం కోసం లెర్నర్స్ డిక్షనరీ వాడండి. లాంగ్‌మన్ లాంటివి సుమారు 2,000 తేలిక పదాలతోనే అర్థాలన్నీ చెబుతాయి. మామూలు డిక్షనరీలో మిటిగేట్‌కి అలీవియేట్ అని, అలీవియేట్‌కి మిటిగేట్ అని ఇచ్చి గుండ్రంగా తిప్పుతారు. ఇంగ్లీషు నుంచి తెలుగుకిచ్చే నిఘంటువు చివర్లో, అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే.

కొత్త పదాలు రోజుకి 8, వారానికి ఆరు రోజులు. ఆరు నెలల్లో 1,248 అవుతాయి. సమీక్ష మర్నాడు, తర్వాత 3వ, 7వ, 16వ, 35వ రోజుల్లో. తప్పితే మళ్లీ మొదటికి. అయిదు అరలు చేసిన అట్టపెట్టె సరిపోతుంది. ఫోన్‌లో కావాలంటే ఆంకీ అనే యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. అందులో రోజుకి 20 కొత్త కార్డులు ముందే పెట్టి ఉంటాయి. మొదట చేయాల్సిన పని దాన్ని 8కి దించడం. 20 చొప్పున వెళ్తే నెల తిరిగేలోపు రోజుకి నూటయాభై, రెండొందల సమీక్షలు మీద పడతాయి. చాలామంది మూటగట్టి అటకెక్కించేది సరిగ్గా అప్పుడే. ఒకటి రెండు రోజులు తప్పిపోతే కొత్తవి ఆపి, పాతవి తీర్చండి.

45 నిమిషాల్లో మొదటి 15 సమీక్షకి. ఎప్పుడూ సమీక్షే ముందు, కొత్తవి తర్వాత. 20 నిమిషాలు ఎనిమిది కొత్త కార్డులు రాయడానికి. తయారుగా దొరికే డెక్కులు (కార్డుల కట్టలు) దించుకోకండి, రాసే పనిలోనే సగం చదువు అయిపోతుంది. చివరి 10 నిమిషాలు నిన్నటి పదాల్లో మూడింటితో సొంత వాక్యాలు. మీ ఊరి రోడ్డు, మీ ఆఫీసు, నిన్నటి మ్యాచ్, ఏదైనా పర్వాలేదు, కానీ పదం తీసేస్తే వాక్యం చప్పబడిపోవాలి. "హీ ఈజ్ ఫ్రూగల్" వాక్యం కాదు, అందులో ఫ్రూగల్ తీసి టాల్ అని పెట్టినా నడుస్తుంది.

ఒకే అర్థమున్న పదాలను మొదటి రోజే గుత్తిగా నేర్చుకోవద్దు. పైన "తగ్గించు" గుంపును విప్పినట్టు పోల్చి చూడటం రెండో దశ పని. ముందు మిటిగేట్ ఒక్కటే నేర్చుకోండి. అది నిలబడ్డాక, ఓ వారం పది రోజులకి అలే. తర్వాత అస్వేజ్. మూడు స్థిరపడ్డాక అప్పుడు పక్కపక్కన పెట్టి తేడాలు రాయండి.

ఎన్నిసార్లు తిప్పినా ఎక్కని కార్డులు కొన్ని ఉంటాయి. 8 సార్లు తప్పినదాన్ని ఆంకీ లీచ్ అంటుంది, అక్షరాలా జలగే. దాన్ని ఇంకో పదిసార్లు తిప్పి లాభం లేదు. దానితో కలగాపులగమవుతున్న ఇంకో పదం ఎక్కడో ఉంటుంది. ఇంజీనియస్ (తెలివైన), ఇంజెన్యువస్ (కల్లాకపటం తెలియని) లాగా. రెండింటినీ బయటికి తీసి, ఒకే కార్డు మీద ఎదురెదురుగా వాక్యాలు రాసి, పాతవి చింపేయండి.

గుర్తుంచుకునే చిట్కాలు, వాటి చిక్కులు

మొండి పదాలకి తెలుగు ధ్వనితో ముడిపెట్టడం బాగా పనిచేస్తుంది. ఆవరిస్ అంటే ధనాశ: డబ్బు కోసం అవురావురుమనడం. మెండేషస్ అంటే అబద్ధాలాడే: మెండుగా అబద్ధాలు. గ్యారులస్ అంటే వాగుడుకాయ: గారెలు తింటూ ఆపకుండా కబుర్లు చెప్పే మనిషి. కానీ ముడి అర్థాన్ని వంచకూడదు. అబేట్‌కి "ఆపేయ్" అని ముడేసుకున్నవాళ్లు, వాన అబేట్ అయిందంటే పూర్తిగా నిలిచిపోయిందనుకుంటారు. జోరు తగ్గింది, అంతే. ముడి వేశాక వాక్యంలో సరిచూడండి. ప్రతి పదానికీ ముడి వెతుక్కుంటూ కూర్చోవడం కూడా దండగ, పదింటిలో ఒకటి రెండింటికి చాలు.

ఉచ్చారణ మొదటిరోజే వినాలి. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇంగ్లీషునూ అలాగే పలికేస్తాం. ఎపిటమీ (ఎపిటోమ్ కాదు), హైపర్‌బలీ, అరై, ఇండైట్, క్యాజమ్, పాయ్‌న్యంట్. కంటితో చదివి తప్పుగా పలుక్కున్న పదం చెవిన పడితే పోల్చుకోలేం.

చదవడం, రాయడం

కార్డులు పదాన్ని పట్టిస్తాయి, స్థిరపరిచేది చదువే. వంద పదాల పేరాలో తెలియనివి రెండు మూడుంటే అది మీకు తగిన వ్యాసం. అయిదు దాటితే ఇంకాస్త తేలికైనది వెతకండి. ప్రతి పదానికీ ఆగితే చదువు ముందుకి సాగదు. మొదటిసారి ఆగకుండా చివరిదాకా చదివి, తెలియనివి పెన్సిల్‌తో గీయండి. రెండోసారి బట్, ఆల్‌దో, రాదర్ దాన్ లాంటి మలుపులు చూసి అర్థం ఊహించి అంచున రాయండి. అప్పుడు డిక్షనరీ. ఒక సంపాదకీయం నుంచి అయిదారు పదాలకు మించి తీసుకోకండి. అదే పదం పదిహేను రోజుల్లో రెండోచోట కనిపించిందా, కార్డు రాయండి. కనపడకపోతే వదిలేయండి.

రాసేటప్పుడు పిసినారిగానే ఉండండి. అమెరికా యూనివర్సిటీలకు వెళ్లే స్టేట్‌మెంట్లలో ప్లెథోరా, మిరియడ్ తగలని పేజీ ఉండదు, చదివేవాళ్లకి విసుగు. ప్లెథోరా అంటే చాలా అని కాదు, మోయలేనంత అతి. స్టార్ట్ సరిపోయే చోట కమెన్స్ రాస్తే మనిషి గంభీరంగా కనపడడు, నోటీసు బోర్డులా కనపడతాడు. ప్రీపోన్ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, డాలస్ ఆఫీసుకి మెయిలైతే మూవ్ అప్ అని రాయండి.

పరీక్షలో వాడే తీరు

ఎస్‌ఎస్‌సీ తరహాలో సినానిమ్, యాంటొనిమ్ సూటిగా అడుగుతారు. అక్కడ ప్లస్ మైనస్ గుర్తే సగం ఆప్షన్లు కొట్టేస్తుంది. జీఆర్‌ఈ సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఖాళీలో పెడితే వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు మాటల్ని ఆరింటిలోంచి ఎంచాలి, రెండూ సరైతేనే మార్కు. ఆప్షన్లు చేత్తో మూసి, ఖాళీలో మీ సొంత మాట పెట్టండి. తెలుగులోనైనా సరే.

ఒక నమూనా: మంత్రి సమాధానం ఫలానాగా ఉన్నా, విలేకరులకి కావలసిందంతా అందులోనే దొరికింది. "ఉన్నా" అన్న మలుపు చెబుతోంది, ఖాళీలో కావలసింది "పొట్టి" లాంటి మాట. ఇప్పుడు ఆప్షన్లు తెరిస్తే: గ్యారులస్, లాకోనిక్, కాండిడ్, లొక్వేషస్, ఆంబిగ్యువస్, టెర్స్. గ్యారులస్, లొక్వేషస్ (రెండూ వాగుడే) ముచ్చటైన జంటే, ఎరగా వేసింది. అర్థం తిరగబడుతుంది. కాండిడ్ (దాపరికం లేని) పెడితే "ఉన్నా"కి పనే లేదు. ఆంబిగ్యువస్ (రెండు రకాలుగా అర్థమయ్యే) ఖాళీలో అతుకుతుంది, చాలామంది ఇక్కడే పడతారు. కానీ దానికి జోడీగా నిలిచే పదం మిగతా అయిదింటిలో లేదు. లాకోనిక్, టెర్స్ (రెండూ క్లుప్తమే) పెట్టి ముందుకెళ్లండి. ఆంబిగ్యువస్ మనసులో పీకుతూ ఉంటే, ప్రశ్నను మార్క్ చేసి, సెక్షన్ అయ్యేలోపు ఒక్కసారి తిరిగి చూడండి.